కనపడని అతుకు

హిందూపురం, 12-8-1999

నాయనా, నాకేం కాలేదని అమ్మకు ముందే చెప్పు.

ఎత్తులో పనిచేసేవాళ్లు నడుముకు కట్టుకునే బెల్టులు నేస్తాండాం ఈడ. పోగులు తెగితే ఆ ముక్క కోసి పారేయాల. నాకు చెయ్యి ఊరుకోలేదు. పట్టుచీరకు నువ్వు నేర్పినట్లే వేళ్లకు బూడిద అద్దుకొని, పురిపెట్టి అతికినా. చెకింగువాళ్లకు గూడా కనపడలేదు. సోమవారం మా ఫిట్టరు ఈరప్ప ఆ బెల్టే కట్టుకొని షెడ్డెక్కి జారినాడు. బెల్టు నా అతుకు కాడే తెగింది. మనిషి దక్కలేదు. రేపు ఆఫీసులో నేనే చెప్తా.

అవ్వ కంటి ఆపరేషను అయిందా? అందరికీ దండాలు.

ఈరప్ప పెండ్లాం నరసక్క కనగానపల్లిలో ఉండాది, పోయి పలకరించు. బెల్టు ఎవరు నేసినారని అడిగితే నా పేరు చెప్పు. నేర్పింది నువ్వని మాత్రం చెప్పొద్దు.

కుళ్లాయప్ప