గడప అవతలి గిన్నె

1969 జూన్. ప్రత్యేక రాష్ట్రం కోసం ఇవాళా బందే.

అన్నం సయించలేదు. ఒళ్లంతా రోతగా ఉంది.

పక్కింటి గుంటూరు లెక్చరర్ గారి పసిపిల్లకు పాలు లేవంటే చంపాపేట దాకా పోయి చెంబుతో తెచ్చాను. "గో బ్యాక్" అని కోస్తావాళ్ల మీద అరిచే గుంపులో ఆయన నోరు విప్పితే ఏ ఊరివాడో తెలిసిపోతుంది. నా మాట ఇక్కడిదే కనుక నన్నెవరూ ఆపలేదు.

వరండాలో ఆయన ఒకటే ఆవేశం. "దీన్నే ప్రెజుడిస్ అంటారు సారమ్మా. లాటిన్‌లోంచి వచ్చిన మాట. విచారించకముందే ఇచ్చేసిన తీర్పు అని అర్థం. దానివల్ల మనిషికి జరిగే నష్టానికీ తర్వాత అదే మాట వాడారు. మేమెవరమో చూడకుండానే మమ్మల్ని దొంగల్ని చేసేశారు!"

నిజమే కదా, పాపం అనుకున్నాను.

అంతలో ఆయన భార్య గిన్నె తెచ్చి గడప అవతల నేలమీద పెట్టి, వెనక్కి జరిగింది. "పైనుంచి పొయ్యి సారమ్మా, నీ చెంబు తగలకుండా. మీరు కిరస్తానం వాళ్లు కదా. ఏమీ అనుకోకే."

లెక్చరర్ గారు పేపర్‌లో తల దూర్చేశాడు.

"ఏమనుకుంటనమ్మా," అంటూ ఎత్తి పోశాను. థూ! నా నోటికి ఆ మాట ఎట్లా వచ్చింది?

సాయంత్రం చూస్తే ఆ గిన్నె కడిగి గడప బయటే బోర్లించి ఉంది, రేపటి కోసం. నేను మళ్లీ వస్తానని కూడా వాళ్లు ముందే తీర్పు ఇచ్చేసుకున్నారు.

పిల్ల ఏడుస్తూనే ఉంది...