ఇంటికి తెచ్చిన గ్లాసు

బాపూ,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. తమ్ముడు రాలేకపోయాడు. వాడిప్పుడు కిర్గిజ్‌స్తాన్‌లో, అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. చెరకుతో కాదు, బీట్‌రూట్ లాంటి తెల్లటి దుంపతో చేస్తారట. నువ్వుంటే ఆ మిషన్ల గురించి గంటసేపు అడిగేవాడివి.

పొద్దున వీడియో కాల్‌లో అంతా చూపించాడు. "పని అల్కగుందన్నా. గడ్డల ట్రాక్టర్లు ఈసారి శాన తక్కువొస్తున్నయ్. ఈడి పోరగాళ్లంత రష్యా పోయిండ్రు, గందుకే మనోళ్లను పిలుస్తున్నరు," అన్నాడు సంతోషంగా.

వాడి వెనక ఒక ముసలి కార్మికుడు తన చాయ్ గిన్నెను పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకుంటున్నాడు.

"గాయన రోజు ఏదో ఒకటి ఇంటికి తీస్కపోతడు. నిన్న నట్లు తిప్పే పానా, ఇయ్యాల గిన్నె," అని వాడు నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు తక్కువై, బండ్ల వరుస గేటు దాటి రోడ్డు మీదికి రాని ఏడాది, నువ్వూ ముందు ఇంటికి పానా తెచ్చావు, తర్వాత నీ చాయ్ గ్లాసు తెచ్చావు. ఎందుకని అవ్వ అడిగితే "ఊకెనే" అన్నావు. కొన్నాళ్లకే గేటుకు తాళం పడింది. తమ్ముడప్పుడు చిన్నోడు, వాడికి గుర్తులేదు.

ఆ గ్లాసులోనే అవ్వ ఈరోజు చాయ్ పోసి నీ ఫొటో ముందు పెట్టింది. కాల్‌లో మాటలన్నీ నా పక్కనే విన్నది, ఫోన్ పెట్టేశాక ఆ గ్లాసును నీ ఫొటోకు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"తమ్మునికి చెప్పు, వాని గ్లాసు గూడ ఇంటికి తెచ్చుకొమ్మని," అంది.