పొగగదిలో బీరువా

ప్రిన్సిపాల్ గారికి, మీ ఫైర్ కాలేజీ క్యాంటీన్‌లో టీ కాచేవాడు రాసుకునే మనవి.

నిన్న పొగగది పరీక్షలో మంటల్లో చిక్కుకున్న మనిషి వేషం నాకిచ్చి, మంచం మీద కదలకుండా పడుకోమన్నారు. అంత బుద్ధి నాకెక్కడిది? ట్రైనింగ్ పిల్లలు మీ ఈల లోపు నన్ను వెతికి బయటికి తేవాలి కదా, కాసేపు వెతుక్కోనీ అని చెప్పులు మంచం కింద వదిలేసి బీరువాలో దూరాను.

మీరు వదిలిన ఉత్తుత్తి పొగ తలుపు సందుల్లోంచి మెల్లగా వచ్చి నా ఒళ్లో కూర్చుంది. మబ్బులో తేలుతున్నట్టే ఉంది. నా వయసు, బయట మరుగుతున్న పాలు, అన్నీ మరిచిపోయాను. ఎక్కడో దూరంగా మీ ఈల వినిపించింది. టైమైపోయింది, ఇక ఎవరూ రారనుకుని హాయిగా కళ్లు మూసుకున్నాను.

బీరువా తలుపు తెరుచుకుంది. పొగలోంచి ఒక చెయ్యి వచ్చి నా భుజం తడిమింది. ట్రైనింగ్ పిల్లల్లో ఆ పొడుగమ్మాయి.

"ఇక్కడున్నావా బాబాయ్? చెప్పులున్నాయి, మనిషేడీ అని చూస్తున్నా."

"ఈల వినపడలేదటే? నీ పరీక్ష పోయింది."

"వినపడింది. ముందు నువ్వు లే."

బయటికొచ్చాక, పొగలో దారి తప్పానని మీతో చెప్పింది. నిజం చెబితే నా పని ఊడుతుందని దాని భయం. మీరు ఫెయిలని రాసేశారు.

తప్పు నాది. నన్ను తీసేసినా సరే, ఆ అమ్మాయికి మళ్లీ పరీక్ష పెట్టండి. నన్నే పడుకోమంటే మాత్రం బీరువాకి తాళం వేయించండి. ఆ మబ్బు ఇంకా పిలుస్తూనే ఉంది.

ఇట్లు,
పంచదార ఎక్కువేస్తాడని మీరు రోజూ తిట్టేవాడు.