పైవరస రక్తం

రాజమండ్రి,
5-7-1999

రావులపాలెం అరటి వర్తకుల సంఘం కార్యదర్శి బుల్లిబాబు గారికి,

డాక్టర్ లక్ష్మీప్రసన్న నమస్కారాలు. నేనిక్కడ మెడికల్ కాలేజీలో ఎం.డి. చదువుతున్నాను. ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళ రక్తానికీ, కదలకుండా కూర్చునేవాళ్ళ రక్తానికీ గడ్డకట్టడంలో తేడా ఏమిటన్నది నా పరిశోధన. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టాలి. దెబ్బ లేకుండా నరంలో కడితే ప్రమాదం. అలా కట్టిన గడ్డని కరిగించుకునే శక్తి కూడా ఒంట్లోనే ఉంటుంది. రోజూ కష్టపడేవాళ్ళకి ఆ శక్తి ఎక్కువని మా అనుమానం.

మీ మార్కెట్‌లో రెండు రకాల మనుషులూ ఒకే రేకుల షెడ్డు కింద దొరుకుతారని విన్నాను. లారీలకి గెలలు ఎత్తే జట్టువాళ్ళు పదిమంది, గల్లాపెట్టె వెనక కూర్చునే వర్తకులు పదిమంది కావాలి. ఆదివారం పొద్దున్నే వచ్చి తలా కొంచెం రక్తం శాంపిల్ తీసుకుంటాను.

ఇట్లు, మీ సహకారం ఆశిస్తూ,
లక్ష్మీప్రసన్న

తా.క. నా థీసిస్ అంతా ఈ ఇరవైమంది మీదే ఆధారపడి ఉంది. దయచేసి నవ్వులాటగా తీసుకోవద్దు. మీ గురించి కొంత విన్నాను.


రావులపాలెం,
8-7-1999

సూది పట్టిన సరస్వతి డాక్టరమ్మ గారికి,

బుల్లిబాబు కూర్చునే పెట్టు నమస్కారం. లేచి పెట్టేవాణ్ణే గాని, లేస్తే మీ కష్టపడే బ్యాచ్‌లోకి పోతానేమోనని భయం.

పదో తరగతి గుమ్మం దగ్గర మూడుసార్లు బోర్లాపడ్డవాణ్ణి. ఇన్నాళ్ళకి కాలేజీవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారంటే కళ్ళు చెమర్చాయి. మేం కూర్చుంటే ఊరంతా బద్ధకం అంది. మీరొక్కరే పరిశోధన అన్నారు. మీ ఉత్తరం మా ఆవిడ బుజ్జమ్మకి పైకి చదివి వినిపించాను. పొద్దున్నే కాలవ గట్టు మీద నాలుగడుగులు వేసి ఏడవమని రోజూ నా ప్రాణం తీస్తుంది. "చూడవే, నేను కదిలితే సైన్సు పాడైపోద్దట" అన్నాను. చేతిలో గరిటె ఉంది గనక జవాబు ఇక్కడ రాయను.

మనుషులు సిద్ధం. శాంపిల్ సంగతి మీరు మాకు చెప్పాలాండీ? పాతికేళ్ళుగా శాంపిల్ చూపించే బతుకుతున్నాం. ఒరిస్సా షావుకారు లారీ దగ్గరికొచ్చేసరికి ఏ గెల కంట పడాలో, ఏది పడకూడదో మాకు నిద్రలో కూడా తెలుసు. మీకూ లోటు రానివ్వం.

కూర్చున్నవాడు,
బుల్లిబాబు

తా.క. రక్తం గడ్డకట్టడం చూడ్డానికి మిషను దేనికి? మా బుజ్జమ్మ వంటింట్లోంచి ఒక్క కేక వేస్తే నా రక్తం అక్కడికక్కడే గడ్డకడుతుంది. థీసిస్‌లో రాసుకోండి. పేరు మాత్రం వద్దు.


రాజమండ్రి,
19-7-1999

కూర్చున్న బుల్లిబాబు గారికి,

ఆదివారం మీరు చేసిన ఏర్పాట్లకీ, బలవంతంగా పెట్టిన పూతరేకులకీ కృతజ్ఞతలు. ఉత్తరంలో అంత గలగలలాడినవారు ఎదుటపడితే "చిత్తమండి" తప్ప మాట్లాడలేదు. మీరింత మొహమాటస్తులని అనుకోలేదు.

ఫలితాలు వచ్చాయి. మీ వర్తకుల రక్తం రోజూ మైళ్ళకి మైళ్ళు పరుగెత్తేవాళ్ళ రక్తంలా ఉంది. గడ్డ కట్టీకట్టగానే చకచకా కరిగిపోతోంది. బరువులెత్తే జట్టువాళ్ళదేమో లేతపాకం ముదురుపాకం అయినట్టుంది. ఇంతకాలం పుస్తకాలు రాసినవాళ్ళంతా రావులపాలెం చూడలేదు కాబోలు.

ఒక్క సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. జట్టు మేస్త్రి బంగార్రాజు, అదే, సూది గుచ్చినంతసేపూ నోరు మూయని మనిషి, అతని రక్తం అందరికన్నా అధ్వాన్నంగా ఉంది. పిక్కల్లో వాపుగాని నొప్పిగాని ఉందేమో అడగండి. ఉంటే వెంటనే పంపండి.

ఇట్లు, ఆశ్చర్యంలో ఉన్న
లక్ష్మీప్రసన్న

తా.క. మీరు కూర్చునే పద్ధతి ఎలాంటిదో వివరంగా రాయగలరు. మా ప్రొఫెసరు చంద్రరావు గారికి ఆ రోజు నుంచీ నిద్ర లేదు.


రావులపాలెం,
22-7-1999

నిజం కనిపెట్టిన డాక్టరమ్మ గారికి,

వర్తక సంఘం తరఫున దండలు వేసినంత నమస్కారం.

చూశారా! ఉత్తినే కూర్చున్నామనుకున్నారు. కూర్చోవడం చేతకావాలండీ. మొదట కుడి కాలు మడవాలి. ఎడమ మోకాలు సన్నగా ఊపాలి. బేరం తెగేదాకా ఊపు ఆపకూడదు. మధ్యలో ఈగ వాలితే తోలడానికి మనిషిని పిలవాలిగాని సొంతంగా చెయ్యెత్తకూడదు. మా నాన్న నాకు నేర్పాడు, ఆయనకి ఆయన నాన్న నేర్పాడు. మీ ఉత్తరం అందిన రోజే సంఘం గోడ మీద "కూర్చోండి, కలకాలం బతకండి" అని రంగుతో రాయించాను. బుజ్జమ్మ అది చదివి ఇంతవరకూ మాట్లాడలేదు. ఆ పుణ్యం కూడా మీదే.

పోతే, బంగార్రాజుని అడిగాను. ఎడమ పిక్క వాచిందట. ముట్టుకుంటే వేడిగా ఉందట, నిలబడితే సలుపుతోందట. పైకి నవ్వుతున్నాడుగాని లోపల దిగులే, పాపం. ఇంట్లో ఆవిడ కంగారుపడుతుందని చెప్పలేదట. అది మరీ అంత ప్రమాదమాండీ? ఈ ఉత్తరం అతని చేతికే ఇచ్చి పంపుతున్నాను. సిగ్గరి మనిషి, పరీక్షలూ అవీ వద్దు. ఏవో రెండు మాత్రలు పొట్లం కట్టి ఇవ్వండి. ఇక్కడ నేను మింగుతాను. అంటే, దగ్గరుండి మింగిస్తాను.

ఊపు ఆపిన,
బుల్లిబాబు

తా.క. ఊపు ఆపడానికీ బంగార్రాజు కాలికీ ఏ సంబంధమూ లేదు. ఊరికే ఆపాను.


రాజమండ్రి,
22-7-1999

కుశలంగా ఉన్న బుల్లిబాబు గారికి,

మీ బంగార్రాజుని చూశాను. సిగ్గరే. అయినా పంచె పైకి కట్టించి రెండు పిక్కలూ పరీక్ష చేశాను. గోదావరి వంతెన స్తంభాలు అసూయపడేలా ఉన్నాయి. వాపు లేదు, వేడి లేదు. మూడో అంతస్తుకి మెట్లెక్కి వచ్చి, మధ్య మెట్టు మీద ఆయాసంతో కూలబడ్డ మా చంద్రరావు గారిని కూడా పైకి చేర్చాడు. అందుకే మాత్రలు ఇవ్వలేదు. లేని రోగానికి మందు ఇవ్వడం మాకింకా నేర్పలేదు.

కాబట్టి ఆ వాచిన కాలు ఇంకెక్కడో ఉంది. ఎవరిదో నాకు తెలియదు, ఊరికే చెబుతున్నాను. పిక్కలో కట్టిన గడ్డ తెగి పైకి పాకితే ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుంది. అప్పుడు ఉత్తరం రాసే తీరిక ఉండదు. ఆ కాలుగలవాడు తైలం రాసి పిసికించుకోకూడదు. భయంతో ఒక్కసారిగా పరుగులు పెట్టకూడదు. అలవాటు లేని పరుగుకి రక్తం ఇంకా త్వరగా గడ్డకడుతుంది. కాలు చాపుకుని కారులో రాజమండ్రి రావాలి. ఈరోజే.

మీకైతే ఏ చింతా లేదు. మీ పేరున ఉన్న రక్తం అద్భుతం.

ఇట్లు, మీ క్షేమం మీద పూర్తి నమ్మకంతో,
లక్ష్మీప్రసన్న

తా.క. వచ్చే నెల విశాఖపట్నం సభలో మీరు కూర్చున్న ఫొటో గోడంత చేసి చూపిస్తాం. మోకాలు ఊపుతూ తీయించుకోండి.


రావులపాలెం,
23-7-1999

దిక్కూ మొక్కూ మీరే అయిన డాక్టరమ్మ గారికి,

బుల్లిబాబు కూర్చునే పెట్టు నమస్కారం. ఈసారి వెటకారం కాదు, లేవలేకపోతున్నాను.

ఆ కాలు నాది తల్లీ.

మీరు శాంపిల్ అన్నారు. శాంపిల్‌కి మా మార్కెట్‌లో పద్ధతి ఒకటే. లారీలో ఏమున్నా పైవరసలో మచ్చలేని గెలలు పెడతాం. మా పేర్లు రాజమండ్రి కాలేజీదాకా వెళుతున్నాయి గదా, మచ్చ ఉన్న రక్తం ఎలా పంపుతాం? మచ్చలేనివాళ్ళు మా దగ్గర జట్టువాళ్ళే. మా ఇస్త్రీ చొక్కాలు వాళ్ళకి తొడిగి వర్తకుల కుర్చీల్లో కూర్చోబెట్టాం. తల లెక్క సరిపోవాలి గనక మేం పదిమందిమీ తలకి తువ్వాళ్ళు చుట్టి జట్టువాళ్ళమయ్యాం. మీ ముందు "చిత్తమండి" అన్న బుల్లిబాబు బంగార్రాజు. నోరు మూయని బంగార్రాజుని నేను. ఇస్త్రీ చొక్కా విప్పేస్తే మీరు పోల్చుకోరులే అనుకుని నిన్న అసలు బంగార్రాజునే మీ దగ్గరికి పంపాను. ముదురుపాకం నాదే.

మీ థీసిస్ పాడుచేసినందుకు చెంపలు వేసుకుంటున్నాను. అయినా పూర్తి తప్పు నాదే అంటే ఒప్పుకోను. "అడుగు గెల కూడా చూపించండి" అని ముందే రాయాల్సింది.

ఫోన్ చేద్దామంటే అది సంఘం ఆఫీసులో ఉంది. నేను హలో అనేలోపు పది చెవులు రిసీవరుకి అంటుకుంటాయి. అందుకే ఈ ఉత్తరం బంగార్రాజు చేతికిచ్చి మొదటి బస్సుకి పంపుతున్నాను. నేను బతుకుతానా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కొంచెం తగ్గించి చెప్పినా పర్వాలేదు.

ఇట్లు, అడుగువరస గెల,
బుల్లిబాబు

తా.క. బుజ్జమ్మకి ఒక్క ముక్క తెలియకూడదు. కొట్లో కాలు అరటాకు కట్టల వెనక దాస్తున్నాను, ఇంట్లో దుప్పటి కింద. చెప్పనని బంగార్రాజు చేత ఒట్టు వేయించుకున్నాను.


రాజమండ్రి,
23-7-1999

ఎట్టకేలకి తన పేరున తానే ఉత్తరం రాసిన బుల్లిబాబు గారికి,

బతుకుతారు. ఇప్పుడు మీ ముందున్న కారెక్కితే. వార్డులో మీకు మంచం సిద్ధం. రక్తం పలచబడే మందులు ఇస్తాం, కొన్నాళ్ళు మా దగ్గరే ఉంచుకుంటాం.

థీసిస్ గురించి బెంగ వద్దు. మాది కొవ్వూరు. అరటి జిగురు మరక ఏ సబ్బుకీ లొంగదని మా ఇంట్లో పసిపిల్లకి కూడా తెలుసు. ఆ ఆదివారం మీ "వర్తకుల" గోళ్ళ చుట్టూ నల్లటి జిగురు. మీ "జట్టువాళ్ళ" వేళ్ళ మీద అప్పుడే ఉంగరాలు తీసిన తెల్లటి గుర్తులు. పైగా గెలలెత్తే మనిషి నా సూదిని చూసి "ఇది గుచ్చడానికా, చెట్టు మీంచి గెల దించడానికా" అంటాడా? ఆ నోరు నాకు ఉత్తరంలో పరిచయమైనదే. ఇరవైమంది అసలు పేర్లూ వాళ్ళ పక్కవాళ్ళనే అడిగి, సాయంత్రానికి ట్యూబుల మీద చీటీలు మార్చేశాను. ఫలితం పుస్తకాల్లో ఉన్నట్టే వచ్చింది. కష్టపడేవాళ్ళ గడ్డ కరుగుతోంది. కూర్చునేవాళ్ళది కూర్చుంటోంది.

ముందే నిలదీస్తే మీరు ఇంకో నాలుగు పేజీల వెటకారం పంపేవారు. కాలు మాత్రం పంపేవారు కాదు.

మీరు కూర్చునే బ్యాచ్‌లోంచి తొలగించబడ్డారు. మేం సరేనన్నాక, పొద్దున్నే కాలవ గట్టు మీద నడక. పక్కన బంగార్రాజు ఉంటాడు. ఈసారి మీ పేరున అతను నడిస్తే నాకు తెలుస్తుంది.

ఇట్లు, మీ శాంపిల్ అందుకున్న
లక్ష్మీప్రసన్న

తా.క. బంగార్రాజు ఒట్టు తప్పలేదు. బస్సులో పక్క సీటావిడ అతని చేతిలోంచి ఉత్తరం లాక్కుంటే "చిత్తమండి" అన్నాడంతే. మీ దుప్పటి కింద ఏముందో రాత్రే చూసి అతని వెంట బస్సెక్కిన ఆవిడ, తిన్నగా నా దగ్గరికొచ్చి మీ ఉత్తరాలన్నీ అడిగి చదువుకున్నారు. మొదటిదాని తా.క. రెండుసార్లు చదివారు. ఈ కవరు మీ చేతికిచ్చింది ఆవిడే. తలెత్తి చూడొచ్చు, లేవకండి. రక్తం గడ్డకట్టకుండా సూదిమందిచ్చి నర్సుని తోడు పంపాను. సూది పడేదాకా కేక వేయనని బుజ్జమ్మ గారు నాకు మాట ఇచ్చారు.