స్మారక విగ్రహానికి నా పొట్ట వచ్చిన విషయం

నగరపాలక కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కూడలిలో నెలకొల్పనున్న పోలీసు, అగ్నిమాపక స్మారక విగ్రహంలో ఉద్యోగిని స్థానంలో ఆమె భర్త తయారగుట, శుక్రవారం నాటి కంచుపోత నిలుపుదల కోరుట గురించి.

గత ఏడాది రంగుల గోదాము తగలబడినప్పుడు గోడ కూలి ఇద్దరు మరణించారు. ఒకరు జనాన్ని వెనక్కి పంపుతున్న ట్రాఫిక్ కానిస్టేబులు. రెండోవారు ఫైరింజను పంపు ఆపరేటరు, నా భార్య. వారికి జంట విగ్రహం చేయించమని తమరు ఉత్తర్వు ఇచ్చారు. కృతజ్ఞుణ్ణి. అయితే మట్టి నమూనా చూసిన మీదట ఈ క్రింది అంశాలు మనవి చేయక తప్పడం లేదు.

1. నా భార్యకు పొట్ట లేదు. విగ్రహానికి ఉంది. అది నాది. గ్రంథాలయంలో ఇరవై రెండేళ్లు కుర్చీలో కూర్చుని సంపాదించుకున్నది.

2. అది అక్కడికి చేరిన విధము: శిల్పి మా ఇంటికి వచ్చి, "ఫొటోల్లో మొహం ఉంది మాస్టారూ, మనిషి లేదు. ఆవిడా మీరూ ఒకే ఎత్తట కదా. ఒక్క పూట ఆవిడ కోటు వేసుకుని నిలబడండి, చాలు" అన్నారు. ఆ పూట పంతొమ్మిది రోజులు నడిచింది. కోటుకు బొత్తాలు పట్టలేదు. శిల్పి తాడుతో బిగించి, "ఊపిరి పీల్చకండి" అనేవారు. వీలైనంత వరకు పాటించాను.

3. శిల్పి తప్పు లేదు. ఉన్నది ఉన్నట్టు చేసే మనిషి. నా పొట్ట, నా గూని, బరువు మోయనని మొరాయించే నా ఎడమ మోకాలు, అన్నీ వచ్చాయి. పైన ఆమె తల ఉంది. మా మరదలు చూసి, "ఇంట్లో ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది బావా. తల అక్కది, కింద చాకిరీ నీది" అంది. ఈ అంశంపై నాకు అభ్యంతరం లేదు. కాని ఊరందరికీ తెలియనక్కరలేదు.

4. నా భార్య హెల్మెట్టు కానిస్టేబులు టోపీ కన్నా మూడు వేళ్లు ఎత్తుందని పోలీసు శాఖ అభ్యంతరం చెప్పింది. కానిస్టేబులు కాళ్ల కింద దిమ్మ పెట్టారు. అగ్నిమాపక శాఖ అభ్యంతరం చెప్పింది. నా కాళ్ల కిందా దిమ్మ పెట్టారు. ఇలా నాలుగుసార్లు జరిగింది. ప్రస్తుతం ఇద్దరమూ బల్బు మార్చడానికి ఎక్కినట్టున్నాము.

5. ఇది అసలు విషయం. విగ్రహ కమిటీ ఆమె చేతిలో గొట్టం పెట్టి, మంటకు ఎదురుగా నిలబెట్టింది. ఆమె గొట్టం ఎన్నడూ పట్టలేదు. పంపు ఆపరేటరు ఇంజను పక్కన, మంటకు వీపు పెట్టి నిలబడాలి. ఒక చెయ్యి వాల్వు మీద, చూపు నీటి ఒత్తిడి చూపే ముల్లు మీద. ఒత్తిడి పడిపోతే లోపలున్నవాళ్లకు నీళ్లుండవు. "మంటని చూట్టానికి ఊరంతా ఉంది. ముల్లుని చూట్టానికి నేనొక్కదాన్నే" అనేది. ఆ రోజు కూడా అటే చూస్తూ ఉంది. లోపలున్న ముగ్గురూ బయటికి వచ్చారు.

ఇది చెబితే కమిటీ అధ్యక్షులు, "మంటకి వీపు పెడితే పారిపోతున్నట్టు ఉంటుందండీ" అన్నారు. నేను జవాబు చెప్పకుండా వచ్చేశాను. ఇదే జవాబు.

కావున శుక్రవారం పోత ఆపించి, వారం గడువు ఇప్పించ ప్రార్థన. ఇప్పుడు పంపు దగ్గర పనిచేస్తున్న అమ్మాయి నా భార్య దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకుంది. నిలబడడం కూడా నేర్చుకుంది. ఆమెను చూసి మళ్లీ చేయడానికి శిల్పి ఒప్పుకున్నారు. మట్టి ఆరకుండా తడిగుడ్డలు నేనే మారుస్తున్నాను. కంచు పోశారంటే నా పొట్ట నాకన్నా మూడు వందల ఏళ్లు ఎక్కువ బతుకుతుంది. దానికి అంత అర్హత లేదు.

కొలిమి రాజుకోకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(విగ్రహంలో మెడ దిగువ భాగం)

తా.క.: తమ అనుమతి రాకముందే నిన్న సాయంత్రం ఆ అమ్మాయిని కోటు వేసి నిలబెట్టి చూశాము. క్షమించాలి. నేను నీళ్ల బకెట్టుతో వెనక నుంచి వచ్చాను. ఆ అమ్మాయి బరువంతా కుడికాలి మీద, ఎడమ భుజం కాస్త జారి ఉంది. "ఏమోయ్, ఇంకెంతసేపు? ఇంటికి పోదాం పద" అన్నాను. నోరు జారింది. ఆ అమ్మాయి తల తిప్పలేదు. "ఉండండి బాబాయిగారూ, శిల్పిగారు ఇంకా వదల్లేదు" అంది. శిల్పి పగలబడి నవ్వారు. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆపడంలో నేనే చివరివాణ్ణి. కనుక భంగిమ సరిగా ఉన్నదని, నా భార్యను వెనక నుంచి పదిహేడేళ్లు పిలిచిన మనిషిగా ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.