పుర్రచేతి పెట్టె

అన్నయ్యా,

నాన్న తన చేత్తో చేసిన నిలువెత్తు వీడియో గేమ్ పెట్టెను నన్నొక్క మాట అడక్కుండా పాత సామాన్లవాడికి బేరం పెట్టింది నువ్వూ వదినానే. ఇద్దరికీ కళ్లు నెత్తికెక్కాయి.

అది చచ్చిన పెట్టె కాదు. ఈ పొద్దున్నే బతికించాను! లోపలి పాత కంప్యూటరు పీకేసి, అరచేతిలో పట్టే కొత్తది పెట్టాను. లావుపాటి టీవీ పోయి పలచటి తెర వచ్చింది. బటన్లు మాత్రం నాన్న బిగించినవే, ఒక్కటీ మొరాయించలేదు. వెనక స్విచ్ వెయ్యి. నిమిషంసేపు తెర నల్లగానే ఉంటుంది, కంగారుపడి డొక్కలో గుద్దకు.

జాయ్‌స్టిక్ కుడివైపు, బటన్లు ఎడమవైపు ఉన్నాయని, "నాన్న తిరగేసి బిగించాడు" అని చిన్నప్పటి నుంచీ వెక్కిరించాం కదా. ఆయన ఏనాడూ కిక్కురుమనలేదు. ఈరోజు ఆ బటన్ల పలక విప్పితే అడుగున నాన్న పెన్సిల్ రాత కనిపించింది: "పెద్దోడిది పుర్రచెయ్యి. బటన్లు ఎడమవైపే ఉండాలి." కింద తేదీ ఉంది. బడిలో ఆ చేతి మీద కొట్టి నీచేత కుడిచేత్తో రాయించిన ఏడాదే అది. ఆ పలకను మళ్లీ అలాగే ఎడమవైపే బిగించాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గర మీటింగుంది, పోతున్నా. సామాన్లవాడు నాలుగింటికి వస్తాడు, తిప్పి పంపు. "మాటిచ్చారు కదా సార్" అని నసిగితే నా పేరు చెప్పు, వాడే పోతాడు.

నాన్న అయిదింటికి నడక నుంచి వస్తాడు. ఆయన తలుపు తీసేసరికి నువ్వు ఆ పెట్టె ముందు నిలబడి ఎడమచేత్తో ఆడుతూ కనబడాలి.