లోపలి నుంచి బిగించిన చెక్కలు

ఏరా తమ్ముడూ, నువ్వు తల పెట్టుకుని పడుకునే వైపున్న కిటికీ చెక్కని ఎప్పుడైనా బొటనవేలితో గట్టిగా నొక్కి చూశావా?

చూసి ఉండవు. చూసుంటే మొన్న ఆ ఉత్తరం రాసేవాడివి కాదు.

చిరంజీవి ఉదయ్‌కుమార్‌ని దీవించి అన్న రత్నమాణిక్యం రాస్తున్నది. ప్రభువు కృపవల్ల ఇక్కడ తాళ్లరేవులో అమ్మా, మీ వదినా, పిల్లలూ కులాసా. అక్కడ కాకినాడ రేవులో నువ్వూ, నీ పడవ మీదున్న ఇద్దరు కళాసీలూ క్షేమమేనని పెద్దింట్లమ్మ చెప్పింది. ఇది రాస్తుంటే ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "అన్నదమ్ములిద్దరూ ఫోన్లు బ్లాకు చేసుకుని నా చేపల గంపని పోస్టాఫీసు చేసేశారండీ. మొదటి బస్సు వెళ్లిపోతాది, కానివ్వండి పాస్టరుగారూ. ఇదేం ఆదివారం ప్రసంగం కాదు కదా" అంటోంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. అమ్మ చేతికట్టు సోమవారం విప్పుతారు. బొటనవేలు కదులుతోంది. ఎడంచేత్తో అన్నం తింటూ కుడిచేతి కట్టు చూపించి నన్ను తిడుతోంది. "ఒకడి తరవాత ఒకడు పుట్టారు కాబట్టి బతికిపోయాను. కవలలై ఉంటే నా కడుపులోనే కొట్టుకు చచ్చేవాళ్లు" అంది నిన్న. మీ వదిన నవ్వింది. నేను నవ్వలేదు.

"నా పన్ను దొరికిందా?" అని వెటకారంగా అడిగావు. దొరికింది. ప్రార్థన షెడ్డు ఊడుస్తుంటే మీ వదినకి గోనెపట్టా కింద దొరికింది, వేరుతో సహా. కాగితంలో చుట్టి నా పుస్తకాల పక్కనే పెట్టింది, నేను వాక్యం తీసినప్పుడల్లా కనపడాలని.

ఆ ఆదివారం నేను నీ పేరు మైకులో చెప్పాను. నువ్వు తాగిన షాపు పేరు కూడా చెప్పాను. ఊరంతా వింటుండగా నువ్వు ఇసకలో కాళ్లీడ్చుకుంటూ వచ్చావు. "అన్నయ్యా, మైకు కట్టెయ్" అన్నావు. "దేవుడు మాట్లాడుతుంటే కట్టమనడానికి నువ్వెవడివిరా?" అన్నాను. "ఆ దేవుడికి మైకు కొనిపెట్టినవాణ్ణి!" అన్నావు. వెనక కూర్చున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వే నన్ను రేపింది. నువ్వు నా మూతి మీద గుద్దావు, నిజమే. కానీ మైకు రాడ్డు పీకి తిప్పింది నేను. మొదటి దెబ్బ నీ దవడకి తగిలింది. రెండో దెబ్బ మధ్యలోకొచ్చిన అమ్మ మణికట్టుకి తగిలింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు విన్నాక కూడా మూడో దెబ్బకి చెయ్యెత్తాను, ఉదయ్. నలుగురు పట్టుకుంటే ఆగాను. నాకు నేనుగా ఆగలేదు.

ఇక నువ్వు ఆఖర్న రాసిన మాట. "రెండు రోజులు కుండపోత అన్నయ్యా, పడవ గదిలోకి ఒక్క చుక్క రాలేదు. నువ్వు మనిషివి కాకపోయినా పనివాడివి. నీ చెక్క పక్కనే తల పెట్టుకుని హాయిగా పడుకుంటున్నాను."

ఆ మాటని నేను పదిసార్లు చదివాను.

వాన వేరు, కెరటం వేరు. వాన జారిపోతుంది. కెరటం పిడికిలి బిగించి కొడుతుంది.

పడవ అమ్మిన మీ ఓనరు తాతాజీగారు నాతో ఏమన్నారో నీకు తెలీదు. "మాణిక్యం, పడవని చెన్నై ఆయన కొనుక్కున్నాడు. ఆ నాలుగు కిటికీలూ కారుతున్నాయి. కొత్తవి ఆయనే వేయించుకుంటాడంట, అక్కడిదాకా నిలబడేలా ఏదో ఒకటి చెయ్యి" అన్నారు. సరేనన్నాను. తాత్కాలికం పాపం కాదురా. అరణ్యంలో తన జనంతో తిరుగుతూ దేవుడు నలభై ఏళ్లు డేరాలోనే ఉన్నాడు, డేరా కంటే తాత్కాలికం ఏముంది? కానీ ఆ డేరాకి కూడా కొలత చెప్పాడు, తోలు చెప్పాడు, కొక్కెం చెప్పాడు. కిటికీకీ ఒక పద్ధతుంది. చెక్క బయటి వైపు వెయ్యాలి. అప్పుడు కెరటం కొట్టినకొద్దీ అది చట్రానికి ఇంకా బిగుసుకుంటుంది. లోపలి వైపు వేస్తే కొట్టినకొద్దీ ఊడొస్తుంది. వడ్రంగం నేర్చుకునే మొదటి రోజునే చెప్తారు ఇది.

నేను నాలుగూ లోపలి వైపే వేశాను.

ఎందుకో విను. ఆ రోజు నువ్వు పైన డెక్కు మీద, కిటికీల పక్కనే కూర్చుని ఉన్నావు. వాచిపోయిన దవడతో తాడు పేనుకుంటున్నావు. బయటి పని చెయ్యాలంటే నీ పాదాల దగ్గర మోకాళ్ల మీద కూర్చోవాలి. దేవుడి ముందు తప్ప ఎవరి ముందూ మోకాలు వంచకూడదని అప్పటికప్పుడు నాకు వాక్యం గుర్తొచ్చింది. గర్వానికి కూడా వాక్యం దొరుకుతుందిరా, వెతుక్కుంటే. గదిలోకి దూరి తలుపేసుకున్నాను. తడి ఆరనివ్వలేదు. తడి చట్రం మీదే ప్లైవుడ్డు ముక్కలు పెట్టి, అంచులకి సిలికాన్ పూసి, పొట్టి స్క్రూలు బిగించాను. నీ తలవైపు చట్రం లోపలంతా పుచ్చిపోయి ఉంది. స్క్రూ తిప్పితే తడిసిన పిండిలో తిరిగినట్టు తిరిగింది. ఆ కంతల్లో రంపపుపొట్టూ జిగురూ కూరి, పైన తెల్లరంగు వేశాను. "బయట కూడా వేశావా?" అని తాతాజీగారు అడిగారు. "వేశానండి" అన్నాను.

ఇంతవరకూ గర్వం, అబద్ధం. ఇంకోటుంది. అది మీ వదినక్కూడా చెప్పలేదు.

ఆ స్క్రూ పట్టు లేకుండా తిరిగినప్పుడు, అక్కడ పడుకునేది నువ్వేనని నాకు తెలుసు. పెదవి మీద నీ గుద్దు ఇంకా మండుతోంది. "పోతే పోనీ" అనుకున్నాను. నోటితో అనలేదు. కానీ పొలంలో తమ్ముడి మీద పడి చంపిన ఆ మొదటి అన్న కూడా ముందు మనసులోనే అనుకున్నాడు. వాడి చేతిలో ఏముందో గ్రంథం చెప్పలేదు. నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది.

నాసి గోడకి పైపూత పూసి బాగుందని చెప్పేవాళ్ల మీదకి తుఫాను గాలీ, వడగళ్లూ పంపిస్తానని దేవుడు ప్రవక్త చేత చెప్పించాడు. ఆ వాక్యం మీద ఎన్ని ఊళ్లలో గొంతు చించుకున్నానో నీకు తెలుసు. గోడ కూలితే పూసినవాడూ దాని కిందే చస్తాడని అరిచేవాణ్ణి. ఇక్కడ పూసినవాణ్ణి ఒడ్డున ఉన్నాను. చచ్చేది నువ్వూ, ఆ ఇద్దరూ.

నాన్న సంగతి కూడా చెప్పేస్తున్నాను. తొంభయ్యారు తుఫానుకి నీకు ఆరేళ్లు. మునిగిపోయాడని చెప్పాం నీకు. మునగలేదు. పడవ మడచెట్ల మధ్య చిక్కుకుని దొరికింది. గది కిటికీ చెక్క లోపలికి పగిలి ఉంది. ఆ చెక్క ముక్కే నాన్న మెడలో జానెడు దిగి ఉంది. చిన్నాన్న పట్టుకుంటే నేను లాగాను. నాకప్పుడు పద్నాలుగేళ్లు. కిటికీ చెక్క ఏం చేస్తుందో చూసి కూడా నీ తలకి మూరెడు దూరంలో అదే బిగించి వచ్చాను.

రేపు పొద్దున్న, నీళ్లు వెనక్కి తీసే పాటు వేళకి తెరచాప ఎత్తుతున్నారట. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని ఫోన్లో వస్తోంది. రాత్రే తాతాజీగారికి ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. చివరికి "నీ తమ్ముడు కాకపోతే ఇంకో సరంగు, పడవ మాత్రం అనుకున్న వేళకి కదలాల్సిందే" అని పెట్టేశారు. అందుకని నువ్వు ఒక్కడివీ దిగిపోతే చాలదు. నీ బదులు ఇంకో తల్లి కొడుకు ఆ చెక్క పక్కన పడుకుంటాడు.

ప్లైవుడ్డు కొట్టు తొమ్మిదికి గానీ తియ్యరు. మందం చెక్కలూ, లారీ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలూ, ఇటు నుంచి అటు దిగే పొడుగు బోల్టులూ తీసుకుని తరవాతి బస్సుకి నేనే వస్తున్నాను. ఈసారి బయటి వైపు వేస్తాను. నీ కళ్లెదుటే వేస్తాను. నన్ను కొట్టాలని ఉంటే పని అయ్యాక కొట్టు, చెయ్యి అడ్డం పెట్టను.

కానీ నేను వచ్చేదాకా ఆగకు. తాతాజీగారు నాకంటే ముందు రావచ్చు. ఈ కాగితం పక్కన పెట్టి ఉలీ సుత్తీ తీసుకో. నీ తలవైపు చెక్క ముందు పీకు, తరవాత మిగతా మూడూ. రంగు పోతుందని చూడకు, చట్రం విరిగితే విరగనీ. నాలుగు కంతలు బాహాటంగా కనపడుతుంటే ఆ పడవని ఏ సరంగూ సముద్రంలోకి తియ్యడు. లే తమ్ముడూ, రేపు కాదు, ఈరోజే, ఇప్పుడే పగలగొట్టు!

ఇట్లు,
ఇది నీకందే వేళకి బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉండే నీ అన్నయ్య,
రత్నమాణిక్యం